కొండెక్కే బండి

కారు కొనాలన్న కోరిక కాటాయనకి పుట్టుకతో వచ్చింది కాదు. ఒక చొక్కా కోసం మూడు దుకాణాలు తిరిగి, మూడింట్లోనూ ఏదీ నచ్చక, వేసుకెళ్ళిన పాత చొక్కాతోనే తిరిగొచ్చే మనిషి ఆయన. అలాంటివాడు, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొండెక్కగల సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి కోసం నెల రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగాడంటే, కారణం ఫోన్లో భార్య అన్న ఒకే ఒక్క మాట.

ఊరి చివర లారీల కాటా దగ్గర ఆయన ఉద్యోగం. ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో పద్నాలుగేళ్ళుగా కూర్చుని బరువులు చూస్తున్నాడు. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడుతుంది, తెర మీద అంకె పడుతుంది, చీటీ వస్తుంది, లారీ పోతుంది. డ్రైవర్లతో ఆయన మాట్లాడేది రెండే మాటలు. "ముందుకి." "చాలు." ఇంటికెళ్ళాక ఆ రెండు మాటల అవసరం కూడా ఉండదు. ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఒక్కోసారి ఆయనకీ అది కాస్త ఆలస్యంగా గుర్తొస్తుంది.

భార్యాభర్తలు కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. తిట్టుకుని ఉంటే బాగుండేదేమో, కనీసం మాటలన్నా నడిచేవి. రెండేళ్ళ కిందట ఆవిడకి కొండ మీద బడిలో టీచర్ ఉద్యోగం వచ్చింది. "మీరూ రండి, అక్కడా ఏదో ఒక పని దొరక్కపోదు" అంది. "ముందు నువ్వెళ్ళు, తర్వాత చూద్దాం" అన్నాడాయన. పిల్లలిద్దర్నీ తీసుకుని ఆవిడ వెళ్ళింది. ఆ చూద్దాం అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. ఈయన చెప్పడమన్నది మొదలే పెట్టలేదు.

ఈ రెండేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. కొండ కింద బజారు దాకా బస్సు. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు మట్టి దారి, అద్దె జీపులో సరుకుల బస్తాల మధ్య ఇరుక్కుని. పైన ఉండేది గంటో గంటన్నరో. కూతురు వచ్చి ఎదురుగా కూర్చునేది, కొడుకు తలుపు పట్టుకుని ఊగేవాడు. "బాగా చదువుతున్నారా?" అని అడిగేవాడు. "ఆ" అనేవాళ్ళు. పరీక్ష అయిపోయేది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక రోజు ఎక్కడ లేని ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేశాడు. "సెలవులకి పిల్లల్ని ఒక పది రోజులు నా దగ్గరికి పంపు."

అటు నుంచి ఏవో గుసగుసలు వినబడ్డాయి. తర్వాత ఆవిడ అంది, "ఆ అద్దె జీపుల్లో నా పిల్లల్ని పంపను. దారి ఎలా ఉంటుందో మీరు చూశారుగా. మీకంటూ ఒక మంచి బండి ఉంటే, అదీ ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది, దారి మధ్యలో మొరాయించనిది, అప్పుడు చూద్దాం."

కాటాయనకి అది చాలు. తెర మీద అంకె పడితే ఇక దానికి తిరుగులేదన్నది ఆయన బతుకు సూత్రం. మంచి బండి ఉంటే పిల్లలు వస్తారు, లేకపోతే రారు. మర్నాడే, పిల్లల సెలవుల రోజులకి తనకీ పది రోజులు సెలవు కావాలని అర్జీ రాసిచ్చాడు. పద్నాలుగేళ్ళలో ఆయన సెలవడగడం చూసి పైఅధికారి ముక్కున వేలేసుకున్నాడు.

బండి చూసిపెట్టడానికి మేస్త్రి దొరికాడు. ముసలి మెకానిక్కు. లారీ కాటా ఎక్కుతుంటే చప్పుడు విని ఏ చక్రం దగ్గర ఏ స్ప్రింగు పట్టా విరిగిందో చెప్పే రకం. కాటాయన ఎంత తక్కువ మాట్లాడతాడో ఈయన అంత ఎక్కువ మాట్లాడతాడు, అందుకే ఇద్దరికీ కుదిరింది. "డబ్బులొద్దు బాబూ, మధ్యాహ్నం పూట ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ బెండకాయలు తరగమంటుంది, అది తప్పితే చాలు" అన్నాడు.

మొదటి బండి పాత కార్ల దుకాణంలో ఉంది. నల్లగా, అద్దంలా మెరిసిపోతోంది. దుకాణం యజమాని బానెట్ ఎత్తబోతే మేస్త్రి వారించాడు. "అది అందరూ తుడుస్తారయ్యా. తుడవని చోటు చూపించు." వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టుని చివరంటా బయటికి లాగాడు. మామూలుగా ఎవరూ లాగని ఆ చివరి జానెడు మేర మట్టి రంగు చార పట్టి ఉంది.

"ఇది వరదలో మునిగింది" అన్నాడు మేస్త్రి.

"అబ్బే, కాఫీ ఒలికిందండీ" అన్నాడు యజమాని.

"నాలుగు బెల్టుల మీదా ఒకే ఎత్తులో ఒలికిందా? ఆ కాఫీ తాగినవాడెవడో చూడాలనుంది." బయటికొచ్చాక మేస్త్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. కాటాయన మాత్రం వెనక్కి తిరిగి ఆ నల్ల బండిని మరోసారి చూశాడు. అంత మెరుపు చూశాక, పిల్లలకి అదే నచ్చి ఉండేదని ఆయనకి అనిపించింది.

రెండోది ఒక పళ్ళ డాక్టరుది. గ్యారేజీలో బట్ట కప్పి, తువ్వాలుతో తుడిచి, పసిపిల్లాడిలా చూసుకున్నాడు. పదకొండేళ్ళ బండి, తిరిగింది మాత్రం ముప్ఫై వేల కిలోమీటర్లే. బ్రేకు పెడలు మీద అరగని రబ్బరు చూసి మేస్త్రి ఆ లెక్క నిజమేనన్నాడు. కాటాయన మొహం విప్పారింది. గేరు రాడ్ పక్కన ఇంకో చిన్న రాడ్ ఉంది. అది లాగితేనే నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. మేస్త్రి దాన్ని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కదల్లేదు.

"దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదండీ, కొత్తలో ఎలా ఉందో అలాగే ఉంది" అన్నాడు డాక్టరు, అదేదో ఘనకార్యమైనట్టు.

"పదకొండేళ్ళు ముట్టుకోకపోతే ఏ కీలైనా బిగుసుకుపోతుంది సార్. మీరు పళ్ళకి చెప్పరూ, రోజూ నమలమని?"

దారిలో మేస్త్రి విడమరిచి చెప్పాడు. అవసరం లేనప్పుడు కూడా నెలకోసారి ఆ రాడ్ వేసి మట్టిలో నాలుగడుగులు నడపాలట. వాడకపోతే పదిలంగా ఉంటుందనుకోవడం అందరూ చేసే పొరపాటేనట. ఆ మాట తననే అన్నట్టు చివుక్కుమంది కాటాయనకి. మేస్త్రికి అలాంటి ఉద్దేశమేమీ లేదు, ఆయన ధ్యాసంతా టీ కొట్టు మీద ఉంది.

ఇలా పదకొండు బండ్లు చూశారు. ఒకదానికి అడుగున ఛాసీ చట్రం విరిగితే అతికించి ఉంది. ఒకదానికి నాలుగు టైర్లూ నాలుగు రకాలు. అన్నీ ఒకే సైజు కాకపోతే ఈ రకం బండ్లకి లోపల గేర్ల పళ్ళు అరిగిపోతాయి. ఇంకోదానికి ముందు చక్రాలకి వెళ్ళే షాఫ్టే లేదు, ఎవరో ఊడదీసి అమ్ముకున్నారు. సెలవులు దగ్గర పడుతున్నకొద్దీ కాటాయనకి తలప్రాణం తోకకొస్తోంది. సాయంత్రాలు ఇంటికొచ్చి పిల్లల గది సర్దేవాడు. రెండేళ్ళుగా ఆ మంచాల మీద ఉతికిన బట్టలు ఆరేస్తున్నాడు. వాటిని తీసి దుప్పట్లు పరిచాడు. రెండు కొత్త కంచాలు కొనితెచ్చి తన కంచం పక్కన నిలబెట్టాడు. ఇంట్లో మూడు కంచాలుండడం చూడగానే చాలా హాయిగా అనిపించింది, ఆ వెంటనే చాలా భయం వేసింది.

పన్నెండోది మొక్కల నర్సరీ ఆవిడ బండి. పచ్చరంగు, ఏడు సీట్లు, రెండు వైపులా గీతలు, వెనక బంపరుకి పెద్ద సొట్ట. అడక్కముందే ఆవిడ మొదలుపెట్టింది. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త గొణుగుతుంది. వెనక ఎడమ అద్దం దిగదు. ఆ సొట్ట మా అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకున్నప్పటిది. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, నాకొక్కదానికి ఏడు సీట్లెందుకు చెప్పండి?" ఏ నెలలో ఆయిలు మార్చిందీ, ఏ ఏడు క్లచ్చు వేయించిందీ ఒక పాత నోటు పుస్తకంలో రాసిపెట్టుకుంది.

మేస్త్రి బండి కింద దూరి పావుగంటకి బయటికొచ్చాడు. చిన్న రాడ్ లాగితే వెన్నలో కత్తిలా దిగింది. "తప్పులన్నీ తనే చెప్పే మనిషి దొరకడం అదృష్టం బాబూ. కానీ ఇది ఫ్యామిలీ బండి. ఫ్యామిలీతో ఎక్కించి చూడందే నేను సరే అనను. ఖాళీ బండి ఏ కొండైనా ఎక్కుతుంది. రేపు మీ వాళ్ళందర్నీ తీసుకురా, పక్కనున్న రాళ్ళ క్వారీ ఎత్తు మీదికి పోదాం."

కాటాయన నేల చూపులు చూశాడు. "వాళ్ళు కొండ మీద ఉన్నారు."

"నలుగురు చుట్టాలు లేరా? స్నేహితులు?"

కాటాయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఒక్కొక్క మొహాన్నీ గుర్తు చేసుకుంటూ. రమ్మని పిలవగలిగిన మనిషి ఒక్కడూ తట్టలేదు.

మేస్త్రి గొంతు తగ్గించాడు. "సరేలే. మనుషులు లేకపోతే వాళ్ళ బరువు పెడదాం. ఇక్కడ మట్టి ఉంది, సంచులున్నాయి, ఎరువులు తూచే కాటా ఉంది. చెప్పు, ఎవరెంత?"

ఇదొక్కటీ కాటాయనకి తెలిసిన విద్య. టకటకా చెప్పాడు. "ఆవిడ యాభై ఆరు. అమ్మాయి ఇరవై రెండు. అబ్బాయి పదహారు. సామాన్లు ఒక ముప్ఫై." నర్సరీ ఆవిడ సంచులు తెచ్చింది. కాటాయనే పారతో మట్టి నింపి, తూచి, మూతులు కట్టాడు. మేస్త్రి అమ్మాయి సంచి చేత్తో ఎత్తి చూసి కనుబొమలు ముడిచాడు.

"మీ అమ్మాయి ఏం చదువుతోంది?"

"ఆరో తరగతి."

"ఆరో తరగతి పిల్ల ఇరవై రెండు కిలోలా? నా మనవరాలు రెండో తరగతి, అదే అంతుంది. ఎప్పటి లెక్క ఇది?"

ఎప్పటిదో కాటాయనకి అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయే ముందు వారం, మందుల షాపు ముందు మిషను ఎక్కించాడు ఇద్దర్నీ. అక్కడి నుంచి ఆయన లెక్క ముందుకి జరగలేదు. కళ్ళతో చూసి లారీలో ఇసక ఎన్ని టన్నులో చెప్పగల మనిషి, నాలుగుసార్లు కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి కూడా, పాత చీటీయే జేబులో పెట్టుకు తిరిగాడు. పక్కకి వెళ్ళి భార్యకి ఫోన్ చేశాడు.

"అమ్మాయి బరువెంత?"

"ఏం, ఎందుకు?"

"బండి చూస్తున్నా. బరువు పెట్టి చూడాలి."

"నిజంగానే చూస్తున్నారా?" అందావిడ. ఆ తర్వాత, "ముప్ఫై ఆరు. మొన్న బళ్ళో తూచారు. వాడు ఇరవై నాలుగు" అంది. ఫోన్ పెట్టేసింది.

కాటాయన వేళ్ళ మీద లెక్క కట్టాడు. పద్నాలుగూ, ఎనిమిదీ. ఇద్దరూ కలిసి ఇరవై రెండు కిలోలు ఆయనకి తెలియకుండా పెరిగారు. మళ్ళీ సంచుల మూతులు విప్పి మట్టి పోస్తుంటే సగం కింద ఒలికిపోయింది. నర్సరీ ఆవిడ చూసి, మంచినీళ్ళు తెస్తానంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సంచుల్ని సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు పెట్టారు. రావలసింది పిల్లలిద్దరే, భార్య సంచి నిజానికి అక్కర్లేదు. అలవాటు చొప్పున దాన్నీ చెప్పేశాడు, మేస్త్రి దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టేశాడు. తీసేయమని కాటాయన అనలేదు.

"నేను కింద నిలబడి చక్రాలు చూస్తా" అన్నాడు మేస్త్రి. "నువ్వు మాట్లాడుతూ నడుపు. ఫ్యామిలీ అన్నాక బండిలో గోల ఉంటుంది. ఆ గోలలో కూడా ఇంజను తేడా నీ చెవిన పడాలి."

క్వారీ దారి గోడలా లేచి ఉంది. ఎప్పుడో నేర్చుకున్న డ్రైవింగు గుర్తు చేసుకుంటూ కాటాయన చిన్న రాడ్ లాగి మొదటి గేరులో వదిలాడు. నాలుగు చక్రాలూ కంకరని కరుచుకుని పైకి పాకాయి. మాట్లాడాలి. "బాగా చదువుతున్నారా?" అన్నాడు. సంచులు ఏమంటాయి? ఇంకేదైనా అడుగుదామని చూశాడు. రెండో ప్రశ్న రాలేదు. ముందు సీటు వైపు తిరిగి, "ఎండగా ఉంది కదూ" అన్నాడు. ఎత్తు సగం ఎక్కేసరికి కళ్ళు మసకబారి దారి కనిపించలేదు. బండి మాత్రం ఎక్కడా తడబడకుండా పైదాకా తీసుకెళ్ళి నిలబెట్టింది. పైన చాలాసేపు అలాగే కూర్చున్నాడు. కింద నుంచి మేస్త్రి కేక పెట్టాక గానీ దిగలేదు.

"ఏ చప్పుడైనా వినబడిందా?" అన్నాడు మేస్త్రి.

"ఏమీ వినబళ్ళేదు."

"అయితే కళ్ళకద్దుకుని తీసుకో."

సెలవుల మొదటి రోజు పొద్దున్నే బయల్దేరాడు కాటాయన. కొత్త చొక్కా వేసుకున్నాడు, ఈసారి మొదటి దుకాణంలోనే కొనేశాడు. పోయిన వానలకి కొండదారి మరీ గుల్లయి ఉంది. అద్దె జీపు ఒకటి బురదలో దిగబడితే జనం దిగి తోస్తున్నారు. కాటాయన పచ్చబండి దాని పక్కనుంచి మెల్లగా, మర్యాదగా దాటి వెళ్ళింది. తొమ్మిది కిలోమీటర్లూ ఆయన మొహం మీద నవ్వు చెరగలేదు. చూసేవాళ్ళెవరూ లేకపోవడమే లోటు.

బడి వెనక రెండు గదుల ఇల్లు. చప్పుడు విని భార్య బయటికొచ్చింది. బండిని ఎగాదిగా చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. కొడుకు పరుగెత్తుకొచ్చి ఒక టైరుని కాలితో తన్ని, తండ్రిని చూసి సిగ్గుపడి లోపలికి పోయాడు. కూతురు కిటికీలోంచి చూసింది. బయటికి రాలేదు.

"సామాన్లు సర్దారా?" అన్నాడు కాటాయన. "బండి చాలా మంచిది. రెండో గేరొక్కటే చలిలో కాస్త గొణుగుతుంది. బరువు కూడా పెట్టి చూశాం."

"లోపలికి రండి" అంది భార్య.

టీ ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది. చీర కొంగు అంచు చాలాసేపు నలిపింది.

"మీరు కొంటారనుకోలేదండీ" అంది చివరికి. "చొక్కా కొనడానికే నెల పడుతుందిగా మీకు. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఇక ఏడాది దాకా ఆ మాట ఎత్తరనుకున్నా."

కాటాయనకి అర్థం కాలేదు. కప్పు కింద పెట్టాడు.

"పిల్లలు రామన్నారు. మీరు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉన్నారు ఇద్దరూ. పది రోజులు అక్కడ ఏం చేస్తాం అన్నారు. మీరు డ్యూటీకి పోతారు, వచ్చి కూర్చుంటారు. ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడదు, నాకు తెలియదా?"

దారి గురించి, జీపుల గురించి ఆవిడ చెప్పిందంతా నిజమే, కానీ అసలు సంగతి అది కాదు. అందరికీ వంక అని తెలిసేదాన్ని ఆయన ఒక్కడే తూచి, నింపి, బెల్టు పెట్టి, కొండ మీదికి మోసుకొచ్చాడు.

"ఆ మాటేదో అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు. కోపంగా అందామనుకున్నాడు గానీ గొంతులో కోపం దొరకలేదు.

"రామంటున్నారని చెబితే మీరు ఇక అడగరు. మీ సంగతి నాకు తెలుసు. ఒకసారి కాదంటే చాలు, అలాగే నోరు మూసుకుని కూర్చుంటారు. అడగడమే మానేస్తారేమోనని భయమేసింది." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీరు అడగడం నాకు కావాలి. పంపడం మాత్రం నా చేతిలో లేదు."

లోపలి గదిలో పిల్లలు ఊపిరి బిగబట్టి వింటున్నారని కాటాయనకి తెలుస్తూనే ఉంది.

"పది రోజులు సెలవు పెట్టాను" అన్నాడు నెమ్మదిగా. ఎప్పుడూ పెట్టలేదన్న సంగతి చెప్పలేదు. "కింద బజార్లో లాడ్జి ఉంది. అక్కడ ఉంటాను. రోజూ పొద్దున బండేసుకుని వస్తాను. వాళ్ళకి ఇష్టమైతే ఎక్కుతారు, లేకపోతే లేదు. రమ్మని అడగను..." అని ఆగి, "కాదు, అడుగుతాను. రోజూ అడుగుతాను" అన్నాడు.

భార్య ఆయన వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

మర్నాడు తొమ్మిదింటికి ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. కర్టెన్ కదిలింది. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాకా ఉండి దిగిపోయాడు. రెండో రోజు కొడుకు వచ్చి, వెనక ఎడమ అద్దం దిగదని తనే కనిపెట్టి, తండ్రికే ఫిర్యాదు చేసి, లోపలికి పోయాడు. ఆ సాయంత్రం లాడ్జి గదిలో, గోడ వైపు తిరిగి పడుకుని, ఆ ఫిర్యాదులోని ఒక్కొక్క మాటా గుర్తు చేసుకున్నాడు కాటాయన. ఒంటరిగా ఉండడం ఆయనకి కొత్త కాదు. ఎదురుచూస్తూ ఒంటరిగా ఉండడం ఇంత కష్టమని మాత్రం ఇదివరకు తెలియదు.

మూడో రోజు హారన్ కొట్టకముందే తలుపు తెరుచుకుంది. కూతురు వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, సొట్ట మీద చెయ్యి వేసి చూసి, ముందు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. పిల్ల ఎంత ఎదిగిందో! మోకాళ్ళు డ్యాష్‌బోర్డుని తాకుతున్నాయి. ఆయన గబగబా చిన్న రాడ్ మీద చెయ్యి వేశాడు.

"ఎక్కడికి పోదాం చెప్పు. పైన చెరువు దాకా? లేకపోతే కింద బజారుకి? ఈ బండి ఎక్కడికైనా పోతుంది."

"ఎక్కడికీ వద్దు" అంది.

ఆయన చెయ్యి రాడ్ మీదే ఆగిపోయింది.

"ఇక్కడే కూర్చుందాం. ముందు ఇంజను ఆపు నాన్నా." ఆ పిల్ల అద్దంలోంచి బయటికి చూస్తూ అంది. "అది ఆన్‌లో ఉంటే నువ్వు వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది."

కాటాయన ఇంజను ఆపాడు. తాళం తీసి, తన జేబులో వేసుకోబోయి, ఆగి, కూతురి చేతిలో పెట్టాడు.